జర్మన్ వాక్యంలో క్రియ ఎక్కడ పెట్టాలి?

పోస్టు:
అందరికీ నమస్కారం. మా వారు ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేస్తున్నారు. నా వీసాకి ఎ1 పరీక్ష పాసవ్వాలి కాబట్టి జర్మన్ మొదలుపెట్టాను. మాటలు బాగానే గుర్తుంటున్నాయి, వాక్యం దగ్గరికొచ్చేసరికే టెన్షన్. "ఈ రోజు నేను ఆఫీసుకి వెళ్తున్నాను" అనడానికి "హొయ్‌టె ఇష్ గేయె ఇన్స్ బ్యూరో" అని రాస్తే టీచర్ కొట్టేసి "హొయ్‌టె గేయె ఇష్ ఇన్స్ బ్యూరో" అని దిద్దారు. "ఇష్ గేయె" (నేను వెళ్తున్నాను) కరెక్టే కదా, ముందు "హొయ్‌టె" (ఈ రోజు) పెట్టగానే తిరగబడడం ఏంటి? దీనికేమైనా లెక్క ఉందా, బట్టీ పట్టాల్సిందేనా?

జవాబు:
లెక్క ఉందండీ, గట్టి లెక్కే. మామూలు వాక్యంలో రెండో సీటు క్రియకి రిజర్వు. మొదటి సీట్లో ఎవరైనా కూర్చోవచ్చు. "ఇష్" కూర్చుంటే "ఇష్ గేయె హొయ్‌టె ఇన్స్ బ్యూరో". "హొయ్‌టె" కూర్చుంటే ఇక "ఇష్" క్రియ వెనక్కి జరగాల్సిందే. మీ వాక్యంలో క్రియ మూడో చోటికి పోయింది, అందుకే దిద్దారు.

సీటు అన్నాను గానీ, ఒక్కో మాటకి ఒక్కో సీటు అనుకోకండి. "మైనె క్లైనె ష్వెస్టర్ వోంట్ ఇన్ మ్యున్షెన్", అంటే "మా చిన్న చెల్లెలు మ్యూనిక్‌లో ఉంటుంది". లెక్కపెడితే క్రియ "వోంట్" నాలుగో మాట. అయినా తప్పు లేదు, ఎందుకంటే "మైనె క్లైనె ష్వెస్టర్" మొత్తం కలిపి ఒక్క స్థానమే. "ఎవరు? ఎప్పుడు? ఎక్కడ?" అని అడిగితే జవాబుగా వచ్చే ముక్కంతా ఒకటి.

ఇంకోమాట, ఏమనుకోకండి. మీరు వాక్యాన్ని తెలుగులోంచి కాకుండా ఇంగ్లీషులోంచి కడుతున్నారని నా అనుమానం. "టుడే ఐ గో" వరస అలాగే దిగిపోయింది. క్లాసు, పుస్తకం, యాప్ అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి మనవాళ్ళలో చాలామందికి ఇదే అలవాటు. తెలుగులోంచి వెళ్తే సగం పని అయినట్టే. చూడండి:

నేను రేపు రైల్లో బెర్లిన్ వెళ్తున్నాను.
ఇష్ ఫారె మోర్గెన్ మిట్ డేమ్ త్సూక్ నాఖ్ బెర్లీన్.

క్రియ "ఫారె"ని తీసి పక్కన పెట్టండి. నేను, రేపు, రైల్లో, బెర్లిన్‌కి: అచ్చం మన వరసే. ఇంగ్లీషులో మామూలుగా బెర్లిన్ ముందు, రైలు తర్వాత, రేపు ఆఖర్న వస్తాయి. జర్మన్ టీచర్లు దీన్ని గుర్తుపెట్టుకోడానికి "టెకామోలో" అంటారు: టెంపొరాల్, కౌజాల్, మొడాల్, లొకాల్. ఎప్పుడు, ఎందుకు, ఎలా, ఎక్కడ. కాబట్టి మనసులో తెలుగు వాక్యం అనుకుని, చివరి క్రియని తెచ్చి రెండో స్థానంలో పెట్టండి. మొదట్లో ఇంతకన్నా తేలిక దారి నాకు కనపడలేదు.

పోస్టు పెట్టినావిడ:
బాగుందండీ! మరి రెండు క్రియలుంటే? "కాఫీ తాగాలనుకుంటున్నాను" లాంటివి?

జవాబు:
అక్కడే అసలు మజా. "ఇష్ మ్యోష్టె ఐనెన్ కఫే ట్రింకెన్". మనిషిని బట్టి మారే "మ్యోష్టె" రెండో స్థానానికి వెళ్తుంది, "ట్రింకెన్" ఉన్నదున్నట్టు వాక్యం చివరికి పోతుంది. జరిగిపోయిన పని చెప్పేటప్పుడూ అంతే:

ఇష్ హాబె గెస్టర్న్ రైస్ గెకోఖ్ట్.

"హాబె" మీద వేలు పెట్టి మూసి చదవండి. ఇష్ గెస్టర్న్ రైస్ గెకోఖ్ట్: నేను నిన్న అన్నం వండాను. మాటకి మాట సరిపోయింది.

విడిపోయే క్రియలు కూడా ఈ బాపతే. "ఔఫ్‌ష్టేయెన్" అంటే నిద్ర లేవడం. వాక్యంలో పెడితే "ఇష్ ష్టేయె ఉమ్ జెక్స్ ఊర్ ఔఫ్", ఆరింటికి లేస్తాను. ముందున్న "ఔఫ్" ఊడి చివర్న పడింది. ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు ఆఖరి మాట దాకా ఆగాలి. మనకది కొత్తేం కాదు, "నేను రేపు మీ ఇంటికి" దాకా విన్నా వస్తారో రారో తెలీదు కదా!

ఇంకొకరి జవాబు:
అన్నా, "వైల్" (ఎందుకంటే) సంగతి కూడా చెప్పాలి. నేనిక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేస్తాను. క్లాసులో "వైల్ ఇష్ కైనె త్సైట్ హాబె" (నాకు టైం లేదు కాబట్టి) అని క్రియ చివర్న పెట్టమన్నారు. ఇక్కడ కొలీగ్స్ మాటల్లో మాత్రం "వైల్ ఇష్ హాబె కైనె త్సైట్" అని కూడా వినపడుతుంది. ఏది నేర్చుకోవాలి?

జవాబు:
వాడుకలో అంటారు, నిజమే. పరీక్షలో రాస్తే మాత్రం తప్పు పడుతుంది. "వైల్", "డస్" (మన "అని" లాంటిది) లాంటివి వస్తే ఆ ముక్కలో క్రియ చివరికి వెళ్ళాలి, అంటే పూర్తిగా మన పద్ధతి. కాకపోతే మన "కాబట్టి" వెనక వస్తుంది, వాళ్ళ "వైల్" ముందొస్తుంది. అది టెన్షన్ అనిపిస్తే ప్రస్తుతానికి "డెన్" వాడండి, దానికీ "ఎందుకంటే" అనే అర్థం: "ఇష్ కొమ్మె నిష్ట్, డెన్ ఇష్ హాబె కైనె త్సైట్", నేను రావట్లేదు, ఎందుకంటే నాకు టైం లేదు. "డెన్", "ఉంట్" (మరియు), "ఆబర్" (కానీ), "ఓడర్" (లేదా) అసలు సీటే తీసుకోవు, వాటి తర్వాత లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు.

మరొకరు:
"నాకు చలిగా ఉంది" అనడానికి "ఇష్ బిన్ కల్ట్" అనకండి. నేను మనసు లేని మనిషిని అన్నట్టు వినపడుతుంది. "మీర్ ఇస్ట్ కల్ట్" అనాలి. "మీర్" అంటే "నాకు". "డస్ గెఫెల్ట్ మీర్" కూడా అంతే, "అది నాకు నచ్చింది". ఇంగ్లీషు మీదుగా వచ్చినవాళ్ళు ఇక్కడ తడబడతారు, మనకి చిన్నప్పటి నుంచీ ఉన్నదే.

జవాబు:
మంచి ఉదాహరణ. అలాగని ప్రతి "నాకు" దగ్గరా "మీర్" పెట్టేయకూడదు. "నాకు ఇద్దరు పిల్లలు" అంటే "ఇష్ హాబె త్స్వై కిండర్". "నాకు ఆకలేస్తోంది" అంటే "ఇష్ హాబె హుంగర్". తెలుగు మోసం చేసేది ఇంకో రెండు చోట్ల. "నేను టీచర్ని" అంటే మనకి క్రియే అక్కర్లేదు, వాళ్ళకి "బిన్" (ఇంగ్లీషు "యామ్" లాంటిది) లేకపోతే వాక్యమే కాదు: "ఇష్ బిన్ లేరెరిన్". అలాగే మనం "రేపు వస్తాను" అని "నేను" వదిలేస్తాం, అక్కడ "మోర్గెన్ కొమ్మె ఇష్" అని చెప్పి తీరాలి.

పోస్టు పెట్టినావిడ:
పరీక్షలో పరిచయం చెప్పాలట: పేరు, వయసు, దేశం, ఊరు, భాషలు, వృత్తి, హాబీ. నేను రాసుకున్నవన్నీ "ఇష్"తోనే మొదలవుతున్నాయి. పర్వాలేదా?

జవాబు:
ఎ1కి పర్వాలేదు. అయినా రెండు మూడు మార్చి చూడండి, ఆ రెండో స్థానం నోటికి అలవాటవుతుంది. "త్సు హౌజె ష్ప్రెషె ఇష్ టెలుగు", ఇంట్లో తెలుగు మాట్లాడతాను. "ఆమ్ వోఖెన్‌ఎండె కోఖె ఇష్ గెర్న్", శని ఆదివారాల్లో ఇష్టంగా వంట చేస్తాను. ఇప్పుడు మీరొకటి రాయండి.

పోస్టు పెట్టినావిడ:
"ఆమ్ జొన్‌టాక్ టెలెఫొనీరె ఇష్ మిట్ మైన్ మన్."
ఆదివారం మా వారితో ఫోన్లో మాట్లాడతాను.

జవాబు:
క్రియ సరిగ్గా రెండో స్థానంలో పడింది. "మైన్" ఒక్కటే "మైనెమ్" కావాలి, "మిట్" (తో) తర్వాత ఎప్పుడూ డాటివే వస్తుంది, అంటే "మీర్" లాంటి విభక్తి రూపం. పైన రైలు వాక్యంలో "డెర్ త్సూక్" కాస్తా "డేమ్ త్సూక్" అయింది కూడా అందుకే. ఆ సంగతికి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ కలిపితే రెండూ అయోమయం అవుతాయి.