గిటార్‌కి ఎనిమిది తీగలుంటే వేగం వస్తుందా? మెరుపు వేగంతో సోలోలు వాయించే ష్రెడ్డర్లకి ఆరు చాలవా?

మూడోకాలం:
మా జామ్ రూమ్‌లో ఈ గొడవ ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడికి తెచ్చా. మాతో వాయించే కుర్రాడొకడు ఎనిమిది తీగల గిటార్ కొన్నాడు. ఇక ఆరు తీగల మీద ఎంత వేగంగా వాయించినా అది పాతకాలం ష్రెడ్డింగే అంటాడు. నేను ఒప్పుకోను. సోలో వేగంగా వాయించడానికి ఏడో తీగ, ఎనిమిదో తీగ పైసా సాయం చెయ్యవు. పైగా అడ్డం.

ఇంగ్వీ మాల్మ్‌స్టీన్ 1984లో 'రైజింగ్ ఫోర్స్' చేసినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆరు తీగల ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్. 1988లో 'పర్పెచువల్ బర్న్' వచ్చేనాటికి జేసన్ బెకర్‌కి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, అతనిదీ ఆరు తీగలే. ఇవాళ్టికీ స్వీప్ పికింగ్ (పిక్‌ని ఒకే ఊపులో తీగల మీదుగా జార్చి వాయించడం) నేర్చుకునేవాళ్లు ఆ రికార్డుల దగ్గరికే వెళ్తారు.

లెక్క చూడండి. 24 ఫ్రెట్లు (మెట్లు) ఉన్న ఆరు తీగల గిటార్‌లో నాలుగు స్థాయిలు (ఆక్టేవ్‌లు) పలుకుతాయి. మామూలు పద్ధతిలో ట్యూన్ చేస్తే కింద కలిపే ప్రతి తీగా కొత్తగా ఇచ్చేది ఐదు స్వరాలే, మిగతావన్నీ పక్క తీగ మీద ముందే ఉన్నవి. ఆ ఐదింటి కోసం నెక్ వెడల్పు చేసుకుని బొటనవేలు ఎక్కడ పెట్టాలో తెలియక అవస్థ పడటం దేనికి? 200 బీపీఎంలో, అంటే నిమిషానికి 200 బీట్ల వేగంలో, బీటుకి నాలుగు నోట్లు వాయిస్తే సెకనుకి పదమూడు దాటతాయి. ఆ వేగంలో వేలు కాస్త ఎక్కువ దూరం పోయినా తేడా చేతికి తెలుస్తుంది.

కాదనేవాళ్లు కారణం చెప్పండి. 'మెషుగా విను' అని ఒక్క ముక్క పడేసి వెళ్లొద్దు.

జెంట్_తమ్ముడు:
మెషుగా విను అన్నా 😀

సరే, కారణం కూడా చెప్తా. నువ్వు ప్రశ్నే తప్పు చోట మొదలుపెట్టావు. ఎనిమిదో తీగ ఉన్నది సోలో కోసం కాదు, రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ ముక్క) కోసం. స్వీడన్‌లో ఉమియో అనే ఊరి మెటల్ బ్యాండ్ మెషుగా. 2002లో 'నథింగ్' రికార్డ్ చేసే టైమ్‌కి వాళ్లు చేయించుకుంటున్న ఎనిమిది తీగల గిటార్లు సిద్ధం కాలేదు. ఏడు తీగలవాటినే బాగా కిందికి దించి వాయించారు. తృప్తి లేక 2006లో అదే ఆల్బమ్‌కి గిటార్లన్నీ ఎనిమిది తీగల మీద మళ్లీ వాయించి ఇంకోసారి విడుదల చేశారు. పాటలు అవే, మనుషులు అవే. రెండూ పక్కపక్కన పెట్టి విను. పాతదాంట్లో కింది తీగ వదులై బురబురలాడుతుంది, కొత్తదాంట్లో ప్రతి దెబ్బా దేనికది విడిగా వినిపిస్తుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మిక్స్_మావయ్య:
తమ్ముడూ, ఆ సాక్ష్యం కోర్టులో నిలబడదు. 2006 వెర్షన్‌కి గిటార్లే కాదు, మిక్స్ కూడా మార్చారు. నువ్వు వింటున్న తేడాలో గిటార్ వాటా ఎంత, మిక్స్ వాటా ఎంత అని చెవితో విడదీయడం కష్టం.

కానీ నీ మాటలో అసలు విషయం ఉంది, కాస్త వివరంగా చెప్తా. తీగ పలికే శ్రుతి మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. శ్రుతి దించాలంటే తీగని వదులు చెయ్యాలి, లేదా లావు తీగ వేయాలి, లేదా పొడవు పెంచాలి. వదులు చేస్తే పిక్ తగలగానే స్వరం పైకి ఎగిరి, తర్వాత కిందికి దిగుతుంది. వేగంగా రిఫ్ కొట్టేటప్పుడు ప్రతి దెబ్బా శ్రుతి తప్పినట్టే ఉంటుంది. మరీ లావు తీగ వేస్తే అది తీగలా కాక ఊచలా ప్రవర్తిస్తుంది. బిరుసెక్కి, దాని పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు పలికే పై స్వరాలు) ఉండాల్సిన చోటు కంటే పైకి జరుగుతాయి. డిస్టార్షన్‌లో (మెటల్ గిటార్ గరగరలో) ఆ తేడా ఇంకా పెద్దదై మొత్తం ముద్దగా వినిపిస్తుంది.

మిగిలింది పొడవు. అదే తీగ, అదే స్వరం అనుకుంటే బిగువు పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో తీగ పొడవు 25.5 అంగుళాలు. 2007లో ఇబనేజ్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన ఆర్‌జీ 2228 ఎనిమిది తీగల గిటార్ 27 అంగుళాలు. అంటే బిగువు 12 శాతం పెరుగుతుంది. మెషుగా వాళ్ల సిగ్నేచర్ మోడల్ 29.4 అంగుళాలు, ఇక్కడ 33 శాతం దాకా పెరుగుతుంది. ఎనిమిది తీగలు కాదురా గొప్ప, ఆ పొడవు గొప్ప. చవక మోడళ్లలో 25.5 మీదే ఎనిమిది తీగలు బిగించి అమ్మితే కొని, 'నా టోన్ ఎందుకు ముద్దగా ఉంది' అని అడిగేవాళ్లు స్టూడియోకి తరచూ వస్తుంటారు.

నాలుగుతీగలోడు:
బాస్ వాయించేవాడిగా నా గోడు కూడా వినండి. బాస్ గిటార్ కింది తీగ 41 హెర్ట్జ్. ఎనిమిది తీగల గిటార్‌లో కింది తీగ 46. మధ్యలో ఎంత మిగిలిందో మీరే చూసుకోండి. మామూలు గిటార్ 82 దగ్గర మొదలవుతుంది కాబట్టి ఇన్నాళ్లూ ఎవరి ఇల్లు వాళ్లకుండేది. ఇప్పుడు గిటారిస్ట్ మా వాటాలోకి వచ్చి కూర్చుని, 'అన్నా, నీ సౌండ్ తగ్గించు, బురదగా ఉంది' అంటాడు. యానిమల్స్ యాజ్ లీడర్స్ అయితే ఏకంగా ఇద్దరు గిటారిస్టులు, ఒక డ్రమ్మర్. బాసిస్ట్ పోస్టే రద్దు.

జెంట్_తమ్ముడు:
ఆ బ్యాండ్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి చెప్తున్నా. వాళ్ల గిటారిస్ట్ టోసిన్ అబాసీ కింది తీగల్ని బొటనవేలితో కొట్టే పద్ధతి మీ బాసిస్టుల దగ్గర నేర్చిందే. బాసిస్ట్ విక్టర్ వూటెన్ బొటనవేలిని కిందికి, పైకి రెండు వైపులా వాడతాడు కదా, అదే ఎనిమిది తీగల మీదికి వచ్చింది. మీ పోస్ట్ రద్దు కాలేదన్నా, ట్రాన్స్‌ఫర్ అయింది.

నాలుగుతీగలోడు:
ట్రాన్స్‌ఫర్ అయినవాడికి జీతం కూడా రావాలి కదా!

సీరియస్‌గా చెప్పాలంటే కార్న్ అనే మెటల్ బ్యాండ్ వాళ్లు దీనికో దారి చూపించారు. 1994లో వాళ్ల మొదటి ఆల్బమ్‌లో ఏడు తీగల గిటార్లని ఇంకా కిందికి, 'ఎ' స్వరం దాకా దించారు. అడుగంతా గిటార్లే నింపేస్తే వాళ్ల బాసిస్ట్ ఫీల్డీ బాస్‌ని టకటకమనే స్లాప్‌తో (తీగని వేలితో కొట్టే పద్ధతితో) పైకి లేపాడు. ఇద్దరూ ఒకరి దారికి ఒకరు అడ్డం రాలేదు. ఎవరో ఒకరు జరగాలి. ఎప్పుడూ బాసిస్టే జరగాలా అన్నది నా ప్రశ్న.

మూడోకాలం:
కార్న్ ఉదాహరణ నా వాదనకే బలం. ఇబనేజ్ యూనివర్స్ అనే ఏడు తీగల గిటార్ 1990లో స్టీవ్ వై కోసం వచ్చింది. సోలోల్లో అంతటివాడి చేతికి! దాన్ని ప్రతి మెటల్ కుర్రాడూ కోరుకునేలా చేసిందెవరు? సోలో జోలికే పెద్దగా పోని కార్న్. అంటే అదనపు తీగకి అసలు ఉపయోగం దొరికింది రిఫ్‌లోనే. జెంట్_తమ్ముడు కూడా మొదటి పోస్ట్‌లో అదే అన్నాడు. మరి మా కుర్రాడు 'ష్రెడ్డింగ్ కోసం' అని కొనడం ఏంటి?

స్వీప్_శీను:
అంత తేలిగ్గా మూసేయకండి. జెఫ్ లూమిస్ 2000 నుంచి నెవర్‌మోర్ బ్యాండ్‌లో ఏడు తీగల మీద వాయించిన సోలోలు వినండి. రస్టీ కూలీ అయితే ఏడు తీగలూ ఒకే ఊపులో దాటే ఆర్పెజియోలు (ఒక కార్డులోని స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి) వాయిస్తాడు. తీగకి మూడు స్వరాల చొప్పున ఆరు తీగల మీద చెయ్యి జరపకుండా 18 స్వరాలు, ఏడింటి మీద 21. వినేవాడికి మూడే కావచ్చు. వాయించేవాడికి మాత్రం ఎక్కడ వెనక్కి తిరగాలన్నది మారిపోతుంది, వాక్యం పొడుగవుతుంది. వేగం పెరగదు, ఒప్పుకుంటా. పరుగు పెట్టడానికి చోటు పెరుగుతుంది.

ఇబ్బంది ఎడమ చేతిది కాదు, అది సర్దుకుంటుంది. ఇబ్బంది మోతది. ఆంప్ గెయిన్ ఎక్కువ పెట్టినప్పుడు వాయించని తీగలు వాటంతటవే మోగుతాయి. పై తీగ మీద సోలో నడుస్తుంటే కింది ఐదారు తీగల్ని కుడి అరచేయి ఆపుతూ ఉండాలి. అందుకే చాలామంది నట్ (నెక్ చివర తీగలు ఆనే చోటు) దగ్గర గుడ్డ పట్టీ చుడతారు. ఎనిమిది తీగల మీద వేగం నేర్చుకోవడమంటే సగం నిశ్శబ్దం నేర్చుకోవడమే.

పాలకొల్లు_వాసు:
ఇంతమంది మాట్లాడారు, మావాడి పేరు ఒక్కరూ ఎత్తలేదు. మాండొలిన్ శ్రీనివాస్. మా పాలకొల్లులో 1969లో పుట్టాడు, తొమ్మిదేళ్లకే కచేరీ చేశాడు. మామూలు మాండొలిన్‌తో కర్ణాటక సంగీతానికి కావలసిన కింది స్థాయి అందదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని ఐదో తీగ కలిపాడు. ఎక్స్‌టెండెడ్ రేంజ్ (అదనపు తీగతో స్థాయి పెంచడం) అంటే అదే కదా! వేగం సంగతి ఈ మెటల్ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. గిటారిస్ట్ జాన్ మెక్లాఫ్లిన్ పిలిచి తన రిమెంబర్ శక్తి బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కాబట్టి అదనపు తీగ అనవసరం అనేవాళ్లు ముందు ఆయనకి జవాబు చెప్పండి.

మూడోకాలం:
వాసు గారూ, ఆ కథలో సగమే చెప్పారు. మామూలు మాండొలిన్‌కి నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలు. శ్రీనివాస్ గారు జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టారు. ఎనిమిది కాస్తా ఐదయ్యాయి. తీగలు తగ్గించుకున్న మనిషిని తెచ్చి పెంచుకోమని వాదిస్తారా?

పాలకొల్లు_వాసు:
జతలో రెండు తీగలూ పలికేది ఒకే స్వరం. అవి తీసేస్తే తగ్గింది మోత, స్థాయి కాదు. ఐదోది పెట్టాకే కింది స్థాయి వచ్చింది. లెక్కపెట్టాల్సింది తీగలు కాదండీ, స్వరాలు.

వీణక్క:
ఇద్దరూ ఆగండి. జతలు ఎందుకు తీశారో అడిగితే గొడవే లేదు. జంట తీగని పక్కకి లాగి గమకం పలికించడం కష్టం, రెండూ సమానంగా సాగవు. ఒంటి తీగైతే వేలు చెప్పినట్టు వింటుంది. ఆయన తీసిందీ, కలిపిందీ రెండూ రాగం కోసమే.

నేను నేర్చుకున్నది వీణ. దానికీ ఏడు తీగలే, కానీ వాయించేవి నాలుగు, పక్కనున్న మూడూ తాళానికి. మెట్లు మైనంలో ఎత్తుగా నిలబెట్టి ఉంటాయి కాబట్టి ఒకే మెట్టు మీద తీగని లాగి మూడు నాలుగు స్వరాల పైదాకా పోవచ్చు. ఆ చివరి స్వరాల దగ్గర వేలి చర్మం ఏం చెప్తుందో వీణ వాళ్లకే తెలుసు. మీ ష్రెడ్డింగ్‌లో నాకు లోటనిపించేది ఇక్కడే. సెకనుకి పదమూడు స్వరాలు వస్తాయి, కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మధ్య దారి ఉండదు. అన్నీ విడివిడి చుక్కలు. గిటారిస్ట్ అలన్ హోల్డ్స్‌వర్త్‌ని విన్నప్పుడు నాకు ఆ ఫిర్యాదు లేదు. ఇంకో గిటారిస్ట్ షాన్ లేన్ మన కంజీరా సెల్వగణేశ్‌తో కలిసి వాయించినవి విన్నప్పుడూ లేదు.

స్వీప్_శీను:
అక్కా, చుక్కలే కావాలనుకునే సంగీతం కూడా ఉంటుంది కదా. ఇంగ్వీ వెనక ఉన్నది పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకారులు బాక్, పగనీని. అక్కడ ప్రతి స్వరం విడిగా వినపడటమే అందం. దాన్ని వీణ తూకంలో వేస్తే ఎప్పుడూ తక్కువే తూగుతుంది. ఆరోహణని మూడో కాలంలో పాడేటప్పుడు మీవాళ్లు మాత్రం ప్రతి స్వరానికీ గమకం పెడతారా?

వీణక్క:
ప్రతి స్వరానికీ పెట్టరు, నిజమే. ఎక్కడ వదిలెయ్యాలో రాగం చెప్తుంది. గిటార్‌లో అది ఎవరు చెప్తారన్నదే నా సందేహం. దెబ్బలాట కాదు.

కొత్తపిక్:
ఇవన్నీ సరే, యూట్యూబ్‌లో జారెడ్ డైన్స్ 18 తీగల గిటార్ వాయిస్తాడు. దాని సంగతేంటి?

మిక్స్_మావయ్య:
అది జోకు నాయనా, వాళ్లూ జోకుగానే చేశారు. జోకు కానివి చూడాలంటే వేరే ఉన్నాయి. వెనిజులాకి చెందిన ఫెలిక్స్ మార్టిన్ గిటార్‌కి 14 తీగలు, కానీ అవి పక్కపక్కన ఉన్న రెండు నెక్‌లు, ఒక్కోదానికి ఏడు తీగలు. రెండు చేతులతో వేర్వేరుగా తీగల్ని ఫ్రెట్ల మీద తట్టి వాయిస్తాడు. చాప్‌మన్ స్టిక్ అనే తట్టి వాయించే వాద్యం అయితే 1974 నుంచే ఉంది, పది తీగలు, పిక్ అవసరమే లేదు. టోనీ లెవిన్ దాన్ని కింగ్ క్రిమ్సన్ బ్యాండ్‌లో వాడాడు. ఇంక స్టీవ్ వై గిటార్ హైడ్రా ఉంది, 2022 ఆల్బమ్‌లో ఒక పాటకి వాడింది. ఒకే ఒంటికి మూడు నెక్‌లు: 12 తీగలది, ఏడు తీగలది, నాలుగు తీగల బాస్. పైగా 13 హార్ప్ తీగలు. ఆ పాటని ఆ వాద్యం కోసమే రాశాడు, ఇంకోదాని మీద కుదరదు. నా దృష్టిలో తేడా అదే. వాద్యం మారితే పాట మారాలి. ఆరు తీగల సోలోనే తెచ్చి ఎనిమిది తీగల మీద వాయిస్తే కింది రెండూ అలంకారమే.

నాలుగుతీగలోడు:
బాస్ నెక్ కూడా ఆయనే వాయించుకున్నాడన్నమాట. అర్థమైంది.

నిర్వాహకుడు:
ఏ ఒక్క వాద్యాన్నీ, బాసిస్టుల్నీ కించపరచవద్దని మనవి. బాసిస్టులు తమని తాము కించపరచుకోవద్దని కూడా.

కొత్తపిక్:
చివరికి నాలాంటివాడు ఏం కొనాలి? చేతులు చిన్నవి. పవర్ కార్డులు (రెండు స్వరాల తేలిక కార్డులు) వచ్చు, స్వీప్ ఇప్పుడిప్పుడే.

స్వీప్_శీను:
ఆరు తీగలదే కొను. డ్రాప్ డి ట్యూనింగ్‌లో (కింది తీగని 'ఇ' నుంచి 'డి'కి దించి) రిఫ్‌లు కొట్టు. ఇంకా కిందికి పోవాలని నిజంగా అనిపిస్తే అప్పుడు ఏడు తీగలది చూడు, 26.5 అంగుళాలదైతే మంచిది. షాపులో ఆంప్ ఆన్ చెయ్యకుండా కింది తీగని గట్టిగా కొట్టి చూడు. స్వరం ఊగిసలాడితే తీగల సెట్ మార్చి చూపించమను. నెక్ పట్టుకుని ఎనిమిదో ఫ్రెట్ దగ్గర చిటికెన వేలు కింది తీగకి అందుతుందో లేదో చూసుకో. మణికట్టు మడత పడుతుంటే ఆ గిటార్ వదిలెయ్.

జెంట్_తమ్ముడు:
శీనన్న చెప్పింది కరెక్ట్. కాకపోతే ఆరు తీగలది కొని ఏడాది తిరక్కుండా ఎనిమిదికి వస్తావు, రాసిపెట్టుకో.

మూడోకాలం:
ఏడు తీగలది చూడమని చెప్పిన సలహా మొత్తం రిఫ్, ట్యూనింగ్, మణికట్టు. సోలో గురించి ఒక్క ముక్క లేదు. మా కుర్రాడికి ఈ లింక్ పంపిస్తున్నా.