ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలన్న షరతు ఎత్తేస్తే బిల్లు తగ్గుతుందా?

బిల్లు_వరస:
ఇన్‌పేషెంటుగా చేరితే మందులు, డిస్పోజబుల్స్ అన్నీ లోపలి ఫార్మసీలోనే కొనాలని చాలా ప్రైవేటు ఆసుపత్రులు పట్టుబడతాయి. దీనిమీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2025 మార్చి 4న తీర్పిస్తూ, తానుగా ఆదేశాలేవీ ఇవ్వకుండా తగిన విధానం ఆలోచించమని రాష్ట్రాలకు వదిలేసింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రమేమో మందులు ఎక్కడ కొనాలన్నది రోగి ఇష్టమే అంటోంది. 2018 ఫిబ్రవరిలో ఎన్‌పీపీఏ (మందుల ధరలను నియంత్రించే కేంద్ర సంస్థ) ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించి, కొన్ని వస్తువుల మీద మార్జిన్ 1,737 శాతం దాకా ఉందని తేల్చింది. ఇంకేం కావాలి? తెలుగు రాష్ట్రాలు రెండూ ఈ షరతును నిషేధించాలన్నది నా వాదన. కాదనేవాళ్లు కారణంతో రండి.

స్టోర్స్_ఇండెంట్:
కారణం చెబుతాను. కండరాలను సడలించే అట్రాక్యూరియం, సక్సినైల్‌కోలిన్, తెరవని ఇన్సులిన్, రక్తం పెంచే ఎరిత్రోపొయిటిన్ – ఇవన్నీ 2–8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట కొన్న వయల్ ఆటోలో, జేబులో ఎంతసేపు ఉందో నర్సుకు తెలీదు. చూసి కనిపెట్టడమూ కుదరదు. ఎరిత్రోపొయిటిన్ గడ్డకట్టి కరిగినా, వేడెక్కినా మందు పాడవుతుంది గానీ ద్రవం మామూలుగానే కనపడొచ్చు. అప్పుడు హిమోగ్లోబిన్ పెరగలేదని డోసు పెంచుతారు. తప్పు ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు.

రెండోది, రాత్రి రెండింటికి, పడిపోతున్న బీపీని నిలబెట్టే నోరాడ్రినలిన్ డ్రిప్ అయిపోవస్తుంటే చీటీ రాసిచ్చి అటెండెంటును బయటికి పంపే వ్యవధి ఉండదు. మూడోది, కంపెనీ ఒక బ్యాచ్‌ను వెనక్కి పిలిస్తే ఆ బ్యాచ్ ఏ బెడ్డుకు వెళ్లిందో మా సాఫ్ట్‌వేర్ నిమిషాల్లో చెబుతుంది. రోగులు తలో షాపులో కొన్నవాటికి ఆ జాడ దొరకదు. ఇంజెక్షన్ వికటిస్తే కేసు మాత్రం ఆసుపత్రి మీదే.

కీమో_రూమ్:
కోల్డ్ చెయిన్ (మందును దారంతా చల్లగా ఉంచడం), అత్యవసరం – రెండూ ఒప్పుకుంటాను. కానీ "లోపల కొంటే అసలు సరుకే" అన్న హామీ అంత గట్టిది కాదు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా ఖరీదైన క్యాన్సర్ మందుల ఖాళీ వయల్స్ సేకరించి, అందులో చవకైన యాంటీఫంగల్ మందు నింపి అమ్మింది. అరెస్టయినవాళ్లలో ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లూ ఉన్నారు. వయల్ బయటికి పోయిందే ఆసుపత్రి నుంచి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం సైటోటాక్సిక్ (కణాలను చంపే కీమో) మందుల వయల్స్ పసుపు రంగు విభాగంలో పడాలి, మామూలు గాజు సీసాలతో నీలం డబ్బాలో కాదు. మందు కలిపిన గదిలోనే లేబుల్ చింపేసి, వయల్స్ లెక్కపెట్టి, సంతకంతో అప్పగించే పద్ధతి లేని చోట భద్రత గురించి మాట్లాడటం దండగ.

పీటీఆర్_లెక్క:
మీరు ముగ్గురూ షాపు ఎక్కడుండాలని పోట్లాడుకుంటున్నారు. ఎమ్మార్పీ ఎవరి కోసం ముద్రిస్తున్నారో చూడండి ముందు.

డీపీసీఓ 2013 (కేంద్రం మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు) కింద షెడ్యూల్డ్ మందులకు, అంటే ఆ ఉత్తర్వు జాబితాలో ఉన్నవాటికి, సీలింగ్ (గరిష్ఠ) ధర ఉంటుంది: మార్కెట్లో 1 శాతం, అంతకుమించి వాటా ఉన్న బ్రాండ్లను రిటైలర్‌కు అమ్మే ధరల సగటు, దానిమీద 16 శాతం రిటైలర్ మార్జిన్. ఆ జాబితాలో లేని నాన్ షెడ్యూల్డ్ మందుకు మొదటి ధర కంపెనీ ఇష్టం. ఏడాదికి 10 శాతానికి మించి పెంచకూడదన్నదే షరతు. అంటే మొదటి రోజే ఎమ్మార్పీ ఆకాశంలో పెట్టినవాడికి ఆ పది శాతం అడ్డే కాదు.

మామూలు వ్యాపారంలో నాన్ షెడ్యూల్డ్ మందు మీద స్టాకిస్టుకు (టోకు వ్యాపారికి) 10, రిటైలర్‌కు 20 శాతం మార్జిన్ ఆనవాయితీ. పైన స్కీములు, 10కి 1 ఉచితం లాంటివి. ఆసుపత్రి రేట్ కాంట్రాక్టులో ఈ కొలతలేవీ పనిచేయవు. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒకే మందు, రెండు బ్రాండ్లు. 'క' బ్రాండ్ ఎమ్మార్పీ 500, ఆసుపత్రికి 330కి ఇస్తారు. 'ఖ' బ్రాండ్ ఎమ్మార్పీ 1,500, ఆసుపత్రికి 200. పర్చేజ్ కమిటీకి 'క' మీద మిగిలేది 170, 'ఖ' మీద 1,300. పోటీ ఉన్నకొద్దీ ధర తగ్గాలి కదా, ఇక్కడ ఎమ్మార్పీ పెంచినవాడే ఆర్డరు గెలుస్తాడు. తయారీదారుకు దక్కేది ఆ 200లోనే. ఎన్‌పీపీఏ నివేదిక కూడా లాభంలో పెద్ద భాగం కంపెనీలకు కాక ఆసుపత్రులకే పోతోందని చెప్పింది. ఆ బిల్లుల్లో షెడ్యూల్డ్ మందుల వాటా 4 శాతం చుట్టూ ఉంటే, నాన్ షెడ్యూల్డ్‌ది దాదాపు నాలుగో వంతు. ఎంపిక ఎటు ఒరుగుతోందో దాన్నిబట్టే అర్థమవుతుంది.

బిల్లు_వరస:
@పీటీఆర్_లెక్క, మీ లెక్క నా వాదనకే బలం. బయట కొనే స్వేచ్ఛ ఉంటే రోగి 500కి 'క' కొనుక్కుంటాడుగా.

పీటీఆర్_లెక్క:
కొనలేడండీ. చీటీ మీద 'ఖ' అని ఉంటుంది. అది ఆ ఆసుపత్రికే సరఫరా అయ్యే బ్రాండ్ అయితే పక్క షాపులో దొరకదు. డ్రగ్స్ రూల్స్ 65(11ఎ) ప్రకారం చీటీలో షెడ్యూల్ హెచ్ (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన) మందు రాసి ఉంటే దాని బదులు వేరే తయారీ ఇవ్వకూడదు, మందు అదే అయినా సరే. "ఇక్కడే కొనక్కర్లేదు" అన్న బోర్డు గోడకు వేలాడుతూనే ఉంటుంది, రోగి తిరిగి లోపలికే వస్తాడు.

డ్యూటీ_రూమ్:
బ్రాండ్ ఎంపిక డాక్టరు చేతిలో ఉందనుకోవడం సగమే నిజం. కేస్ షీట్‌లో మందు పేరే రాసినా, వార్డు కంప్యూటర్లో ఆ పేరు కొడితే డ్రాప్‌డౌన్‌లో వచ్చేది ఒకటో రెండో బ్రాండ్లు. ఆ జాబితా ఫార్ములరీ కమిటీది, అంటే ఆసుపత్రిలో ఏ మందులు వాడాలో తేల్చే కమిటీది. అందులో క్లినికల్ వాళ్లకంటే కొనుగోళ్ల వాళ్ల మాటే చెల్లితే మిగతాదంతా లాంఛనం.

2024 మార్చి 12 నాటి యూసీపీఎంపీ (మందుల కంపెనీల ప్రచారానికి కేంద్రం పెట్టిన నియమావళి) డాక్టర్లకు బహుమతులు వద్దంది. డైరీ, క్యాలెండర్ లాంటివి ఒక్కోటి 1,000 రూపాయలు మించకూడదు, శాంపిల్ ప్యాకులు ఏడాదికి ఒక్కో మందుకు పన్నెండే. బాగుంది. వెయ్యి రూపాయల డైరీకి కొలతబద్ద ఉంది, వయల్‌కు 1,300 మిగిల్చే ఇన్‌వాయిస్‌కు లేదు.

మేనేజ్‌మెంట్_వైపు:
తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నాను. ఐసీయూలో వెంటిలేటర్ ఉన్న ప్రతి బెడ్డుకూ ఒక నర్సు కావాలి, మూడు షిఫ్టులూ. ఆ ఖర్చంతా బెడ్ ఛార్జీలో వేస్తే ఎవరూ చేరరు. అందుకే ఫార్మసీ మార్జిన్ ఆ లోటు పూడుస్తుంది. ఒక చోట నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది. 2017 ఫిబ్రవరిలో డ్రగ్ ఎల్యూటింగ్ (మందు పూసిన) గుండె స్టెంటుకు 29,600, ఆగస్టులో కోబాల్ట్ క్రోమియం మోకాలి ఇంప్లాంటుకు 54,720 అని సీలింగ్ పెట్టారు. స్టెంటు వేయడానికి వాడే బెలూన్లకు, గైడ్‌వైర్లకు పెట్టలేదు. మార్జిన్ ఎటు జరుగుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. సేవల ధరలు వాస్తవానికి దగ్గరగా పెట్టుకోనిస్తే ఫార్మసీ మీద ఆధారపడటం తగ్గుతుంది.

కీమో_రూమ్:
ఆ లోటు ఎవరు పూడుస్తున్నారన్నదే అన్యాయం. బెడ్ ఛార్జీ ముందే తెలుస్తుంది, నాలుగు ఆసుపత్రుల్లో కనుక్కోవచ్చు. మందుల మార్జిన్ రోగం ముదిరేకొద్దీ పెరుగుతుంది. సెప్సిస్‌తో పదిరోజులు పడుకున్నవాడు మామూలు కాన్పు బిల్లుకు చందా కడుతున్నాడన్నమాట. బెడ్ ఛార్జీ పెంచండి, కనీసం కనబడుతుంది.

క్లెయిమ్_డెస్క్:
ఒకే ఆసుపత్రిలో రెండు రకాల బిల్లింగ్ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ గొడవ సగం తేలిపోతుంది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కేసుల్లో మందులు, డిస్పోజబుల్స్ కలిపే ప్యాకేజీ మొత్తం. అక్కడ ఆసుపత్రికి 200 రూపాయల వయల్ కొనడంలోనే లాభం, ఎమ్మార్పీ ఎంతుంటే ఏం. నగదు పేషెంటుకు అదే వయల్ 1,500. సరుకు ఒకటే, ఫ్రిజ్ ఒకటే, బిల్లు రాసే తీరే వేరు. కాబట్టి ఫార్మసీ లోపల ఉండటాన్ని నిషేధించాలనను, ఎమ్మార్పీ మీద బిల్లు వేయడం ఆపాలంటాను.

విధానం వచ్చేదాకా బిల్లులో చూసుకోవాల్సినవి కొన్ని. చివరి బిల్లు మొత్తంగా ఇస్తే ఒప్పుకోవద్దు, బ్రాండ్, బ్యాచ్, సంఖ్యతో విడివిడిగా అడగండి. దాన్ని నర్సుల మెడికేషన్ చార్టుతో పోల్చాలి. చార్టులో ఇంజెక్షన్ ఆరుసార్లు ఎక్కినట్టుండి బిల్లులో తొమ్మిది వయల్స్ ఉంటే, ఆ మూడూ వాపసు అయ్యాయా అని అడగండి. తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే: ఐసీయూ నుంచి వార్డుకు మార్చేటప్పుడు మిగిలిన మందులు పాత బెడ్డు ట్రేలో ఉండిపోతాయి, రిటర్న్ ఇండెంట్ (వాపసు చీటీ) ఎవరూ వేయరు. పిల్లల వార్డులో ఇంకో తంటా. 250 మిల్లీగ్రాముల డోసుకు 1 గ్రాము వయల్ పూర్తిగా బిల్లవుతుంది. చిన్న వయల్ దొరికే మందైతే అదెందుకు తెప్పించలేదని అడిగే హక్కుంది. మరో మాట, "కిట్" అని ఒక్క పదంతో వేసిన వస్తువులను, లోపల ఏముందో వివరం లేకపోతే, బీమా కంపెనీ చెల్లించదు. ఆ డబ్బు మీ జేబులోంచే. గ్లవ్స్ ఎన్ని, సిరంజిలు ఎన్ని అని విడదీసి రాయమనండి.

స్టోర్స్_ఇండెంట్:
రిటర్న్ విషయంలో మీరన్నది నిజమే. ఒక చిన్న సవరణ: ఫ్రిజ్ మందు వార్డుకు వెళ్లాక ఉష్ణోగ్రత రికార్డు లేకపోతే వెనక్కి తీసుకోకూడదు, తీసుకుంటే ఇంకో రోగికి ముప్పు. అందుకే వాటిని రోజుకు సరిపడానే ఇండెంట్ చేయాలి. మూడు రోజులవి ఒకేసారి తెప్పించడం వార్డు సౌకర్యం, ఖర్చు రోగిది.

నా వైపు నుంచి రాజీ: డిశ్చార్జ్ మందులు, మాత్రలు, డయపర్ల లాంటివి ఎక్కడైనా కొనుక్కోనివ్వండి. ఫ్రిజ్ మందులు, ఐసీయూ ఇంజెక్షన్లు లోపలే.

బిల్లు_వరస:
అంటే ఖరీదైనవన్నీ మీ దగ్గరే ఉంచుకుని డయపర్లు మాకిచ్చారు. మార్జిన్‌కు కళ్లెం లేకుండా ఈ రాజీ నాకు పనికిరాదు. 2019 ఫిబ్రవరిలో 42 నాన్ షెడ్యూల్డ్ క్యాన్సర్ మందులకు ట్రేడ్ మార్జిన్ (కంపెనీ అమ్మే ధరకూ ఎమ్మార్పీకీ మధ్య తేడా) 30 శాతం దాటకూడదన్నారు కదా, లోపలే కొనాలనే ప్రతి ఇంజెక్షన్‌కూ అదే పెట్టండి. అప్పుడు షరతు ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు.

పీటీఆర్_లెక్క:
ఆ పద్ధతిలో ఒక కన్నం ఉంది. మార్జిన్ లెక్క మొదటి అమ్మకం ధర నుంచి మొదలైతే, తయారీదారు దగ్గర 200కి కొన్న మార్కెటింగ్ కంపెనీ 1,000కి "మొదటి అమ్మకం" చూపిస్తుంది. ఫ్యాక్టరీ గేటు ఇన్‌వాయిస్, ఆసుపత్రికి ఇచ్చిన క్రెడిట్ నోట్లు (బిల్లు వేశాక వెనక్కిచ్చే తగ్గింపులు), ఉచిత సరుకు – మూడూ కలిపి చూస్తేగానీ అసలు ధర తేలదు. షెడ్యూల్డ్ మందుకు సీలింగ్ దాటి తీసుకున్నారేమో ఎన్‌పీపీఏ వాళ్ల ధరల యాప్ ఫార్మా సహీ దామ్‌లో మీరే పోల్చుకుని ఎన్‌పీపీఏకు ఫిర్యాదు చేయొచ్చు. నాన్ షెడ్యూల్డ్‌కు అలా పోల్చుకునే అంకె లేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినా లైసెన్సు, ఫార్మసిస్టు, నిల్వ, హెచ్1 రిజిస్టర్ (గట్టి నిఘా ఉండే మందుల అమ్మకాల పుస్తకం) చూసి వెళ్తాడు, ఎమ్మార్పీ లోపు అమ్మినంతకాలం మార్జిన్ ఎంతైనా ఆయన రాసుకునే ఉల్లంఘన ఏదీ ఉండదు.

మేనేజ్‌మెంట్_వైపు:
క్రెడిట్ నోట్లు బయటపెట్టమంటే ఏ ఆసుపత్రీ తనంతట తాను ముందుకు రాదు. అన్ని ఆసుపత్రులకూ ఒకే తేదీ నుంచి పెడితే మాకు ఇబ్బంది లేదు. బెడ్ ఛార్జీలు ఎంత పెరుగుతాయో మాత్రం అదే రోజు ప్రకటించనివ్వాలి.