బాపు తీసిన పాత స్లైడ్లను కెమెరాతో కాపీ చేయడం ఎట్లా?

హనుమకొండ నుంచి ప్రశ్న:
మా బాపు చరిత్ర లెక్చరర్. 80లలో వేయి స్తంభాల గుడి, రామప్ప, ఓరుగల్లు కోట తిరిగి తీసిన 35 ఎంఎం కలర్ స్లైడ్లు (ప్రొజెక్టర్‌లో వేసి చూసే, ఫ్రేములో బిగించిన ఫిల్మ్ ముక్కలు) రెండు డబ్బాల నిండా ఉన్నాయి. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పకముందు తీసినవీ వాటిలో ఉన్నాయి. బయట స్కానింగ్‌కు ఇయ్యాలంటే టెన్షన్‌గా ఉంది. నా దగ్గర 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ కెమెరా, 50 ఎంఎం లెన్సు, ట్రైపాడ్ ఉన్నాయి. ట్యాబ్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని మీద స్లైడ్ ఉంచి తీస్తే ఫొటో అంతా సన్నటి గళ్లు వస్తున్నాయి. లెన్సు కూడా దగ్గరికి ఫోకస్ కావట్లేదు.

కరీంనగర్ నుంచి జవాబు:
అన్నా, బయట ఇయ్యకపోవడమే మంచిది. కొత్తగా కట్టిన మండపాన్ని ఇప్పుడు ఎవరైనా ఫొటో తీసుకోవచ్చు, విప్పకముందుదాన్ని మాత్రం మళ్లీ తీయలేం.

ఆ గళ్లు ట్యాబ్ పిక్సెల్సే. స్లైడ్ స్క్రీన్‌కు ఆనుకొని ఉంటే అవి కూడా ఫోకస్‌లోకి వస్తాయి. స్లైడ్‌ను ఐదారు సెంటీమీటర్లు పైకి లేపి, మధ్యలో పాలరంగు అక్రిలిక్ షీటు పెట్టండి, గళ్లు పోతాయి. అయితే రంగులు సరిగ్గా రావాలంటే ట్యాబ్ చాలదు. సీఆర్ఐ (లైటు రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్న ఎల్ఈడీ ప్యానెల్ తీసుకోండి. కెమెరా మార్చడం కన్నా ఈ లైటుకు పెట్టే ఖర్చే ఎక్కువ పనికొస్తుంది. స్లైడ్ చుట్టూ నల్ల చార్టు కప్పి, గదిలో లైటు ఆర్పేయండి.

స్లైడ్‌లో బొమ్మ 36×24 మిల్లీమీటర్లు, మీ సెన్సర్ దానికన్నా చిన్నది. అంటే బొమ్మ సెన్సర్ మీద అసలు సైజుకు 0.65 రెట్లుగా పడేంత దగ్గరికి పోవాలి. 50 ఎంఎం లెన్సుకు సుమారు 31 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకు, లెన్సుకు నడుమ బిగించే ఖాళీ గొట్టం) సరిపోతుంది. కెమెరాను లెన్సుతో కలిపే ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉన్న ట్యూబే కొనండి, లేకపోతే చాలా లెన్సులకు ఎపర్చర్ మార్చలేరు. ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రా ఫార్మాట్, రెండు సెకన్ల టైమర్ పెట్టండి.

కెమెరా, స్లైడ్ సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకగా వస్తుంది. స్లైడ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టి కెమెరా స్క్రీన్ మీద లైవ్ వ్యూలో చూడండి. లెన్సు ప్రతిబింబం సరిగ్గా నడుమ కనిపించిందంటే కెమెరా నిటారుగా ఉన్నట్టే. తర్వాత స్లైడ్ పెట్టి, స్క్రీన్ మీద బొమ్మను పెద్దది చేసి, ఫిల్మ్ గ్రెయిన్ (బొమ్మలోని సన్నటి రేణువులు) విడివిడిగా కనిపించేదాకా ఫోకస్ రింగును చేత్తో తిప్పండి.

అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అన్నా. కొన్నింటి మీద సాలెగూడు లాంటి తెల్లటి దారాలున్నాయి. తడిగుడ్డతో తుడవొచ్చా?

మరో జవాబు, హైదరాబాద్ నుంచి:
వద్దండీ, దయచేసి నీళ్లు తగలనివ్వకండి! అది బూజు. బూజు తిన్న చోట ఫిల్మ్ పైపొరలోని జిలాటిన్ నీటికి కరిగిపోతుంది, తడిగుడ్డ పెడితే బొమ్మే ఊడొస్తుంది. బ్లోయర్‌తో దుమ్ము ఊది, ఉన్నది ఉన్నట్టు ముందు ఫొటో తీసుకోండి. మచ్చలు తర్వాత కంప్యూటర్‌లో సరిచేయొచ్చు. బూజు పట్టినవాటిని వేరే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి, వానకాలంలో ఆ జెల్ మారుస్తూ ఉండాలి.

ఫ్రేము మీద కోడాక్రోమ్ అనే ఫిల్మ్ పేరు ఉన్నవి చీకట్లో బాగా నిలుస్తాయి కానీ ప్రొజెక్టర్ వెలుగుకు త్వరగా వెలిసిపోతాయి. చుట్టాలకు చూపించాలంటే కాపీ చేసినవే చూపించండి.

అడిగినవారు:
అర్థమైంది సార్. కుడి ఎడమలు తారుమారైతే ఎట్లా తెలుస్తుంది?

కరీంనగర్ నుంచి:
మెరిసే వైపు నుంచి చూస్తే బొమ్మ సరిగ్గా ఉంటుంది, మసక వైపు ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పొర. అనుమానం ఉంటే శాసనమో బోర్డో ఉన్న స్లైడ్‌లో అక్షరాలు చూడండి. ఇంకొకటి, బాపు ఫ్రేముల మీద ఊరు, తేదీ రాసి ఉంటే దాన్ని కూడా ఒక ఫొటో తీసి, అదే నంబరుతో సేవ్ చేయండి.