హార్ట్ ఫెయిల్యూర్ ఉన్న నాన్నతో నడక ఎలా మొదలుపెట్టించాలి?

నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్. ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె గదిలోని రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి పంప్ అయ్యే వంతు) 30 శాతం. మందులు కుదిరాయి, కాళ్ల వాపు తగ్గింది, మెల్లగా నడక మొదలుపెట్టమని డాక్టరుగారు చెప్పారు. నాన్న మాత్రం కుర్చీ వదలడం లేదు. "అసలే బలహీనమైన గుండె, దాన్ని ఇంకా కష్టపెట్టడమేంటి?" అంటారు. గది దాటి వచ్చేసరికి గోడకు చెయ్యి ఆనించి, చొక్కా పై గుండీ విప్పుకుని నిలబడిపోతారు. అది చూసి అమ్మ కూడా వద్దంటోంది.

నేను చదివినదాన్ని బట్టి ఈ భయం సరికాదు. 2009లో వెలువడిన హెచ్‌ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో 2,331 మంది పాల్గొన్నారు. అందరికీ ఎజెక్షన్ ఫ్రాక్షన్ 35 శాతమో అంతకన్నా తక్కువో. పర్యవేక్షణలో మొదలుపెట్టిన వ్యాయామం వాళ్లకు సురక్షితమేనని తేలింది. గుండె పంపింగ్ పెద్దగా మారకపోయినా, కాళ్ల కండరాలు ఆక్సిజన్‌ను బాగా వాడుకోవడం వల్ల ఆయాసం తగ్గుతుందట.

నా టెన్షన్ అంతా ఆచరణ గురించే. ఆయన బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడుతున్నారు కాబట్టి నాడి చూసి శ్రమ అంచనా వేయలేం. నడుస్తూ మాట్లాడగలిగితే సరిపోతుందంటారు, మీరూ అలాగే చూసుకున్నారా? మొదట్లో ఒక్కోసారి ఎంతసేపు నడిచారు? ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, రెండు మూడు రోజుల్లోనే 2 కిలోల బరువు పెరగడం లాంటివి కనిపిస్తే ఆపేసి డాక్టరుకు చెప్పాలని తెలుసు. కానీ మామూలు అలసటను, ఆగాల్సిన ఆయాసాన్ని వేరుగా ఎలా గుర్తుపట్టారు?

అన్నిటికన్నా ముందు, భయపడే మనిషిని ఎలా ఒప్పించారో దయచేసి చెప్పండి.