అప్‌డేట్: రాస్‌బెర్రీ పై సర్వర్ నడుస్తోంది

ఇంట్లో ఎప్పుడూ నడిచే సర్వర్‌గా పాత డెస్క్‌టాప్‌నే వాడాలా, అరచేతిలో పట్టే చిన్న బోర్డు కంప్యూటర్ కొనాలా అని పోయిన నెల అడిగాను కదా. మీ మాట విని రాస్‌బెర్రీ పై 4 కొన్నాను. పని లేనప్పుడు బోర్డు తీసుకునేది 3, 4 వాట్లే. సాంబా అనే ప్రోగ్రామ్‌తో ఇంట్లోని కంప్యూటర్ల మధ్య ఫైళ్ల పంపకం గంటలో కుదిరింది. ఇంటి నెట్ మొత్తానికీ ప్రకటనలు ఆపే పై-హోల్ ప్రోగ్రామ్ మాత్రం రెండు రాత్రులు నిద్ర చెడగొట్టింది. రౌటర్‌లో డీఎన్ఎస్‌ను (సైట్ పేరు అడిగితే దాని చిరునామా చెప్పే సర్వర్‌ను) పై-హోల్‌కు మార్చినా ప్రకటనలు ఆగలేదు. చూస్తే ఫోన్లు ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) దారిన వేరే డీఎన్ఎస్‌ను అడుగుతున్నాయి! ఆ దారి మూసేశాక నాన్నగారు చదివే వార్తల పేజీలో ప్రకటనల చోట తెల్లటి ఖాళీలు మిగిలాయి. యూట్యూబ్ ప్రకటనలు పోలేదు. అవి వీడియోలు వచ్చే చోటి నుంచే వస్తాయి, దాన్ని ఆపితే వీడియోలూ ఆగుతాయి మరి.

మాది విశాఖలో సముద్రం దగ్గరి ఎంవీపీ కాలనీ. కిటికీ పక్కనున్న పాత కేబుల్ కొనకు ఉప్పుగాలికి చిలుము పట్టింది. అందుకే బోర్డున్న పెట్టెను లోపలి అలమరలోకి మార్చాను.