రక్షణకు లేఖనానికి విధేయత షరతా, ఫలమా? మళ్ళీ బాప్తిస్మం తీసుకోమంటున్న కుటుంబంలో ఒక కోడలి ప్రశ్న

తెనాలి కోడలు:

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. నేను గుంటూరు జిల్లాలోని లూథరన్ కుటుంబంలో పుట్టాను. పసితనంలోనే చిలకరింపు బాప్తిస్మం ఇచ్చారు. హైస్కూలు రోజుల్లో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి (విశ్వాస బోధను ప్రశ్నలు, జవాబులుగా నేర్పే పుస్తకం) నేర్చుకొని, సంఘం ఎదుట నా విశ్వాసాన్ని ఒప్పుకొని ప్రభురాత్రి భోజనంలో చేరాను. వివాహమైన తరువాత అత్తవారి సంఘానికి వెళ్తున్నాను. అక్కడ నిమజ్జనం ఒక్కటే బాప్తిస్మమని, అది పొందనంతవరకు పాపక్షమాపణ లేదని బోధిస్తారు. ఆదివారం ప్రభురాత్రి భోజనపు రొట్టె పళ్ళెం మా వరుసకు వచ్చినప్పుడు పక్కన కూర్చున్నవారు దానిని నా ముందునుంచే అవతలివారికి అందిస్తారు. మా అత్తగారు నన్ను కన్నకూతురిలా చూసుకుంటారు, అయినా రాత్రి కుటుంబ ప్రార్థనలో నా పేరు ‘రక్షణ పొందవలసినవారి’ జాబితాలోనే వస్తుంది. ‘అమ్మా, ఆజ్ఞ స్పష్టంగా ఉంది కదా, నీటిలో దిగడానికి నీకున్న అభ్యంతరమేమిటి?’ అని ఆమె అడిగినప్పుడు నాకు సమాధానం దొరకదు. లేఖనంలోని ఒక ఆజ్ఞను పాటించనంత మాత్రాన నా రక్షణ ఆగిపోతుందా? ఇటువంటి పరిస్థితి మీ ఇళ్ళలో ఎదురై ఉంటే, మీ సంఘం ఏమి బోధించిందో, మీరు ఏమి చేశారో దయచేసి రాయండి.

గుంటూరు లూథరన్:

అమ్మా, వందనాలు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చిన నాటినుంచి మన సంఘాలలో బోధిస్తున్నది ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయమే: ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు.’ అయితే మనవారిలో చాలామంది ఎనిమిది, తొమ్మిది వచనాలు కంఠస్థం చేసి పదో వచనం దగ్గర ఆగిపోతారు. మనం సత్క్రియలు చేయడానికే క్రీస్తునందు సృష్టింపబడ్డామని ఆ వచనం చెబుతుంది. లూథరన్ సంఘాల మూల బోధ పత్రమైన 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం కూడా ఇదే వరుసలో నడుస్తుంది. మనిషి తన యోగ్యత వల్ల కాక క్రీస్తు నిమిత్తం విశ్వాసం ద్వారా ఉచితంగా నీతిమంతుడుగా ఎంచబడతాడని నాలుగో అధికరణం చెబితే, ఆ విశ్వాసం మంచి ఫలాలు ఫలించి తీరాలని, అయితే ఆ ఫలాలను చూపి రక్షణను అడగకూడదని ఆరో అధికరణం చెబుతుంది.

ఇక మీ అత్తగారితో మాట్లాడేటప్పుడు ఉపయోగపడే సంగతి మరొకటి ఉంది. బాప్తిస్మం రక్షణకు అవసరమని అదే ప్రమాణంలోని తొమ్మిదో అధికరణం కూడా చెబుతుంది. కనుక వారూ మనమూ విభేదిస్తున్నది బాప్తిస్మం అవసరమా, కాదా అన్న దగ్గర కాదు; అది ఎవరు చేసే పని అన్న దగ్గర. మన బోధ ప్రకారం బాప్తిస్మంలో పని చేసేవాడు దేవుడు, పొందేది మనం. పసిబిడ్డకు ఇవ్వడంలో మనకు సంకోచం లేకపోవడానికి కారణం అదే. మళ్ళీ తీసుకోవడమంటే దేవుడు మొదటిసారి చేసినది చెల్లలేదని ఒప్పుకోవడమే అవుతుంది. మా అమ్మాయిని ఇటువంటి సంబంధంలోనే ఇచ్చాము, ఆమెకు కూడా ఇదే చెప్పాను.

గన్నవరం విశ్వాసి:

నేను క్రీస్తు సంఘ (చర్చ్ ఆఫ్ క్రైస్ట్) సభ్యుడిని. పై సహోదరుడు మర్యాదగా రాసినందుకు సంతోషం. మా బోధను మేము ఎలా అర్థం చేసుకుంటామో చెప్పనివ్వండి. బాప్తిస్మంతో రక్షణను కొనుక్కుంటామని మేము అనము. సిరియా సేనాధిపతి నయమాను యొర్దాను నదిలో ఏడుమార్లు మునిగినప్పుడు అతని కుష్ఠును బాగుచేసినది నది నీరు కాదు, అతని శ్రమ అసలే కాదు, దేవుడే. అయినా మునగకపోయి ఉంటే అతడు కుష్ఠరోగిగానే సిరియాకు తిరిగి వెళ్ళి ఉండేవాడు. పెంతెకొస్తు దినాన జనులు ‘మేమేమి చేతుము’ అని అడిగితే, పేతురు ‘మారుమనస్సు పొంది, పాపక్షమాపణ నిమిత్తము’ బాప్తిస్మం పొందమన్నాడు. ‘తడవు చేయుట ఎందుకు’ అని అననీయ సౌలును (తరువాత పౌలు) హెచ్చరించాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఆ రాత్రి గడియలోనే బాప్తిస్మం పొందాడు. తెల్లవారేదాకా ఆగకపోవడంలోనే దాని ప్రాముఖ్యం కనబడుతుంది. మా నాన్నగారు కూడా వాక్యం విన్న రాత్రే లాంతరు వెలుగులో ఊరి కాలువలోకి దిగారు. క్రీస్తు తనకు విధేయులైన వారికందరికీ నిత్యరక్షణకు కారకుడాయెనని హెబ్రీ పత్రిక ఐదో అధ్యాయం చెబుతుంటే, విధేయతను రక్షణ నుంచి వేరు చేయడానికి మాకు ధైర్యం చాలదు.

అయితే ఒక మాట. రొట్టె పళ్ళెం ఆ సహోదరి ముందునుంచి దాటించడం మా సంఘంలో చేయము. ప్రతి మనుష్యుడు తన్నుతాను పరీక్షించుకొనవలెనని పౌలు చెప్పాడు గనుక ఆ నిర్ణయాన్ని వ్యక్తికే విడిచిపెడతాము.

ఒంగోలు బాప్టిస్టు:

మేము కూడా నిమజ్జనమే ఇస్తాము, అయినా గన్నవరం సహోదరుడు చెప్పిన కారణంతో కాదు. రక్షణ పొందినవాడు చేసే మొదటి విధేయత బాప్తిస్మం. కొర్నేలీ ఇంటివారి మీదికి పరిశుద్ధాత్మ దిగినది నీటికి ముందే. ‘బాప్తిస్మమిచ్చుటకు క్రీస్తు నన్ను పంపలేదు’ అని కొరింథీయులకు పౌలు రాయగలిగాడంటే, అది సువార్తలో ఇమిడి ఉన్న షరతు కాదనే మా గ్రహింపు.

మా ప్రాంత చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. ధాత కరువు (1876-78) రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని వేలాదిమందికి కూలి పని కల్పించారు. పని చేస్తూ వాక్యం విన్న మాదిగ కుటుంబాలవారు బాప్తిస్మం ఇవ్వమని పదేపదే అడిగారు. కూడు కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సహాయం ముగిసేవరకు ఏడాదికి పైగా ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. చివరకు 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చిన ఆరుగురూ మన దేశపు బోధకులే. నేను ఆలోచించేది ఆ మధ్యకాలం గురించి. కరువు, కలరా ఊళ్ళను ఊడ్చేస్తున్న రోజులవి. బాప్తిస్మం లేనిదే క్షమాపణ లేదని నమ్మిన బోధకుడు అంతమందిని అంతకాలం ఆపి ఉంచగలిగేవాడు కాదు. విశ్వసించినవాడు నీటిని చేరకముందే మరణించినా ప్రభువు చేతిలోనే ఉన్నాడన్న నమ్మకం ఉన్నందువల్లనే ఆయన ఆగగలిగారు.

కువైట్ నర్సు:

నేను ఇక్కడ ఐసీయూలో పనిచేస్తున్నాను. విశ్వసించి, వెంటిలేటరు మీద ఉండి, నిమజ్జనానికి వీలుకాక మరణించినవారిని చూశాను. వారి కుటుంబాలు ‘ఇప్పుడు ఆయన ఎక్కడ ఉన్నారు’ అని నన్నే అడుగుతారు. నేను సిలువమీది దొంగ గురించి చెబుతాను. అతడు బాప్తిస్మం పొందలేదు, దశమభాగం ఇవ్వలేదు. అయినా ప్రభువు ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అన్నాడు.

గన్నవరం విశ్వాసి:

సోదరీ, మా బోధకులు దీనికిచ్చే సమాధానం ఇది: మరణశాసనము (వీలునామా) రాసినవాడు మరణించిన తరువాతనే అది చెల్లుతుందని హెబ్రీ తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. దొంగతో ప్రభువు మాట్లాడినది అంతకుముందు. బాప్తిస్మపు ఆజ్ఞ వచ్చినది పునరుత్థానం తరువాత. కనుక ఆ దొంగ మనకు మాదిరి కాలేడు. మీరు చెప్పిన రోగుల విషయంలో మాత్రం, తలంపు ఉండి వీలు లేనివారిని దేవుని కనికరానికి అప్పగించడం తప్ప మేము తీర్పు చెప్పము.

ఫిరంగిపురం కథోలిక:

కథోలిక సంఘం ఈ విషయంలో చాలాకాలంగా చెబుతున్నది ఇదే: బాప్తిస్మం కోసం సిద్ధపడుతూ, అది పొందకముందే మరణించినవాని ఆశయే అతనికి బాప్తిస్మ ఫలాన్ని ఇస్తుంది. అలాగే నీటితో, త్రిత్వ నామంలో లూథరన్ సంఘం ఇచ్చిన బాప్తిస్మాన్ని మేము చెల్లుబాటుగానే ఎంచుతాము, తిరిగి ఇవ్వము. మొదటి పోస్టు రాసిన సోదరి రేపు కథోలిక సంఘంలో చేరినా ఆమెను మళ్ళీ బాప్తిస్మపు తొట్టి దగ్గరకు తీసుకువెళ్ళరు.

మేము క్రియలతో రక్షణ సంపాదించుకుంటామని చాలామంది అనుకుంటారు. నీతిమంతులుగా ఎంచబడటానికి ముందున్న మన విశ్వాసం గాని, క్రియలు గాని ఆ కృపకు మనల్ని అర్హులను చేయవని 1547లో మా బిషప్పుల ట్రెంట్ మహాసభ స్పష్టంగానే చెప్పింది. అయితే ఒకసారి పొందిన కృపలో మనిషి విధేయత ద్వారా ఎదుగుతాడు, ఘోర పాపం చేస్తే దానిని పోగొట్టుకుంటాడు, పాపసంకీర్తనం (గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం) ద్వారా తిరిగి పొందుతాడు. యాకోబు పత్రికలోని ‘విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను’ అన్న మాటను మేము ఇలా గ్రహిస్తాము. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని, ఆ కృపే మనల్ని సత్క్రియలకు సిద్ధపరుస్తుందని అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు. మా ఊళ్ళలో రెండు సంఘాల మధ్య పెళ్ళి సంబంధాలు కలుపుకునేటప్పుడు ఈ ప్రకటన గురించి ఎవరూ చెప్పకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మెదక్ విశ్వాసి:

మా ప్రాంతానికి సువార్త తెచ్చినది వెస్లియన్ మిషనరీలు. జాన్ వెస్లీ ఆజ్ఞలు పాటించడంలో ఎవరికీ తీసిపోని మనిషి. ఉపవాసాలు, చెరసాల దర్శనాలు, నియమబద్ధమైన ప్రార్థనలు అన్నీ ఉండి కూడా రక్షణ నిశ్చయత లేక తల్లడిల్లాడు. 1738 మే 24న లండన్‌లో ఒక చిన్న కూటంలో రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట చదువుతుండగా ఆయనకు ఆ నిశ్చయత కలిగింది. ఆ తరువాత ఆయన క్రమశిక్షణ తగ్గలేదు; దానికి కారణం మారింది. విధేయత నిశ్చయతను ఇవ్వలేదు, నిశ్చయత నుంచి విధేయత పుట్టింది. అయినా విశ్వాసి పడిపోయే అవకాశం ఉందని, జాగ్రత్తగా ఉండాలని వెస్లీ చివరిదాకా బోధించాడు.

ఇంకొక సంగతి బాధతో రాస్తున్నాను. మా బంధువుల ఊరిలోని ఒక స్వతంత్ర సంఘంలో ‘లేఖనానికి విధేయత’ అన్న మాటతో మొదలుపెట్టి, నగలు తీయకపోతే రక్షణ లేదని, మందులు వాడితే అవిశ్వాసమని, చివరకు పాస్టరుగారి మాట దాటితే నరకమని చెప్పే స్థితికి వచ్చారు. షుగరు మాత్రలు మానేసిన మా పెద్దమ్మకు కాలి వేళ్ళు తీసేయవలసి వచ్చింది. విధేయత గురించి మాట్లాడేవారు ముందుగా అది ఎవరి ఆజ్ఞో వచనం చూపాలి.

ఒంగోలు బాప్టిస్టు:

తెనాలి సోదరికి ఇంకొక మాట. గన్నవరం సహోదరుని సంఘానికి మూలమైన ఉద్యమాన్ని అమెరికాలో నడిపిన అలెగ్జాండర్ క్యాంప్‌బెల్‌కు 1837లో లూనెన్‌బర్గ్ అనే ఊరినుంచి ఒక స్త్రీ మీ ప్రశ్నకు దగ్గర ప్రశ్ననే రాసింది. నిమజ్జనం పొందనివారిలో క్రైస్తవులు ఉండగలరా అన్నది ఆమె సందేహం. ఆయన నిమజ్జనాన్ని జీవితాంతం గట్టిగా బోధించిన మనిషి. అయినా యేసును క్రీస్తుగా నమ్మి, మారుమనస్సు పొంది, తనకు తెలిసినంతమేరకు అన్నిటిలో ఆయనకు లోబడేవాడే క్రైస్తవుడని జవాబిచ్చాడు.

గన్నవరం విశ్వాసి:

ఆ జవాబు నిజమే. దాని విషయమై ఆయన అనుచరులే ఆయనతో విభేదించారు, మాలోనూ ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ‘తెలిసినంతమేరకు’ అన్న మాటను మాత్రం సోదరి తేలికగా తీసుకోవద్దు. తెలిసిన తరువాత బాధ్యత పెరుగుతుంది.

తెనాలి కోడలు:

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మా అత్తగారి దగ్గర కూర్చొని ఇవన్నీ చదివి వినిపించాను. నయమాను మాట దగ్గర ఆమె తల ఊపారు, గుండ్లకమ్మ సంగతి దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, వాళ్ళ అమ్మమ్మ కూడా నీటిలో దిగకముందే జ్వరంతో పోయిందని, ఆమె గురించి ఎవరినీ అడగలేకపోయానని చెప్పారు. పొందిన బాప్తిస్మాన్ని కాదనుకొని మళ్ళీ పొందలేనని నేను ఆమెకు చెప్పాను. ప్రభువు ఆజ్ఞలలో నాకు స్పష్టంగా తెలిసినవాటికి లోబడి నడుస్తానని, ఆమె నాలో లోపం చూస్తే వచనంతో సరిదిద్దాలని కూడా చెప్పాను. పెద్దలతో తాను మాట్లాడతానన్నారు, ఏమంటారో చూడాలి. మాకు బిడ్డ పుట్టబోతోంది. పసిబిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలని నేను, పెద్దయ్యాక తానే నిర్ణయించుకోవాలని నా భర్త అనుకుంటున్నాము. రెండు సంఘాల నుంచి వచ్చిన దంపతులు దీనిని ఎలా తేల్చుకున్నారో ఎవరైనా రాయగలరా?