పర్మాఫ్రాస్ట్ కరిగితే తడి నేల ఎక్కువ ప్రమాదమా, పొడి నేలా?

నమస్తే అండీ, ఎమ్మెస్సీ సెమినార్ కోసం టండ్రా (చెట్లు పెరగని అతిశీతల ప్రాంతం) నేలల గురించి, అక్కడి పర్మాఫ్రాస్ట్ (ఏళ్ళ తరబడి గడ్డకట్టే ఉండే నేల) గురించి చదువుతూ ఒక చోట ఆగిపోయాను, ఈ రంగం తెలిసినవాళ్ళు కాస్త సాయం చేయండి.

కరిగిన నేలలో నీళ్ళు ఇంకిపోతే సూక్ష్మజీవులు గాలి తగిలి వేల ఏళ్ళ నాటి వేర్లనూ నాచునూ కుళ్ళబెట్టి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, నీళ్ళు నిలిస్తే గాలి అందక మీథేన్ కూడా వస్తుంది. ఇంతవరకూ అర్థమైంది. స్వీడన్‌లో అబిస్కో దగ్గరి స్టోర్డాలెన్‌లో లోపలి మంచు కరిగి పీట్ (సగం కుళ్ళిన మొక్కలు పేరుకున్న నేల) దిబ్బలు కుంగిపోతున్నాయి, పొడి పొదలున్న చోట నీళ్ళు నిలిచి తుంగ మొలుస్తోంది, ఆ తుంగ కాడల లోపలి ఖాళీల గుండా మీథేన్ నేరుగా పైకొచ్చేస్తుంది, పై పొరలో దాన్ని తినే బ్యాక్టీరియాకు చిక్కకుండా!

నా ప్రశ్న ఇదీ. పొడి నేలలో కార్బన్ త్వరగా పోతుంది. తడి నేలలో నెమ్మదిగా పోయినా, మీథేన్ వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా బరువుకు బరువు దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. మొత్తం మీద ఏది ఎక్కువ నష్టం? మీథేన్ చేసే జీవులు కుదురుకోవడానికే ఏళ్ళు పట్టొచ్చు కదా, మరి మట్టిని ల్యాబ్‌లో కొన్ని నెలలు సీసాల్లో పెట్టి కొలిచిన లెక్కల్ని దశాబ్దాలకు వర్తింపజేయొచ్చా? ఉత్తర ధ్రువ ప్రాంతపు ఈ నేలల్లో దాదాపు 1,500 బిలియన్ టన్నుల కార్బన్ ఉందంటే నిజంగా టెన్షన్‌గా ఉంది. ఫీల్డ్‌లో కొలిచిన అనుభవం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వివరంగా చెప్పండి ప్లీజ్.